తొమ్మిదో తరగతికి ఏం చదివి వినిపించాలి? ఎంపిక నుంచి చివరి పేజీ దాకా

నర్సంపేట వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. టైంటేబుల్లో లైబ్రరీ పేరుతో వారానికి ఒక పీరియడ్ ఉంటుంది. చాలా బడుల్లో అది లెక్కలకో, సైన్సుకో పోతుంది. మా దగ్గర పోకుండా కాపాడుకుంటూ వచ్చాను. ఆ పీరియడ్‌లో పిల్లలకు చదివి వినిపిస్తాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు. మొదట్లో తోటి టీచర్లు "ఇంత పెద్ద పిల్లలకు చదివి పెట్టుడేంది?" అన్నారు. ఇప్పుడు "మేం చదివితే వింటలేరు, ఏది చదవాలె?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు నాకు తెలిసినంత జవాబు ఇక్కడ రాస్తున్నాను.

పిల్లలు వినలేదంటే నేను ముందు అనుమానించేది ఎంచుకున్న రచనను. మనం ఇంట్లో కూర్చొని కంటితో చదువుతాం, బాగుందనుకుంటాం, మర్నాడు తరగతికి పట్టుకుపోతాం. కంటికి ఆగే వీలుంది, వెనక్కి పోయే వీలుంది. చెవికి ఆ రెండూ లేవు. అందుకే వినిపించేదాన్ని చెవితోనే ఎంచాలి. కింద చెప్పే అడుగులన్నీ ఈ ఒక్క పని కోసమే.

మొదటి అడుగు: మీ తరగతిని ఒక కాగితం మీద పెట్టండి

పుస్తకం వెతకకముందే ఈ పని చేయండి. మీ పీరియడ్ ఏ వేళది? పొద్దున రెండో పీరియడ్‌లో వినే పిల్లలు, మధ్యాహ్న భోజనం అయిన వెంటనే వచ్చే పీరియడ్‌లో వినే పిల్లలు ఒక్క తీరుగా ఉండరు. గది ఎట్లా ఉంది? రేకుల కప్పు అయితే వానాకాలంలో మీ గొంతు మూడో బెంచీ దాటదు. పక్క తరగతిలో ఎక్కాలు చదువుతుంటే మెల్లగా నడిచే వర్ణన మునిగిపోతుంది.

పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కూడా రాసుకోండి. మా తొమ్మిదిలో తండాల నుంచి వచ్చే పిల్లలు ఉన్నారు, ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ములుగు వైపు బడుల్లో కోయ పిల్లలు ఉంటారు. వరంగల్ పట్నంలో ఉర్దూ ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు ఉంటారు. వీళ్లందరికీ తెలుగు వస్తుంది. కానీ అమ్మమ్మ నోట విన్న సామెత మీద నడిచే కథ సగం మందికి అందదు. అది తెలిసి ఎంచుకుంటే ఆ సామెతను ముందే ఒకసారి మాటల్లో వాడి పెట్టవచ్చు.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. తొమ్మిదో తరగతికి వచ్చినా వాక్యం తడుముకోకుండా చదవలేని పిల్లలు ప్రతి బడిలో ఉంటారు. పాఠం చదవమంటే తల దించుకునే ఆ పిల్లలు వినడంలో ఎవరికీ తీసిపోరు. కథ విని, అందరికంటే ముందు "వాడు అబద్ధం చెప్తుండు టీచర్" అని పట్టుకున్నది మా తరగతిలో అట్లాంటి పిల్లవాడే. వాళ్లు చదవలేరని తేలిక పుస్తకం ఎంచకండి. వాళ్ల చెవి వయసు పద్నాలుగేళ్లే.

రెండో అడుగు: ఒకటి వెతకకండి, నాలుగైదు పోగు చేయండి

ఒక్కటే పట్టుకుంటే దాని మీద ప్రేమ పుడుతుంది, లోపాలు కనబడవు. నాలుగైదు ఉంటే పోల్చుకోవచ్చు.

ఎక్కడ దొరుకుతాయి? మొదట మీ బడి బీరువా తెరవండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో కనుక్కోవడమే ఒక్కోచోట పెద్ద పని. తర్వాత మండల గ్రంథాలయం, జిల్లా గ్రంథాలయం. హనుమకొండలో శ్రీ రాజరాజనరేంద్ర భాషా నిలయం ఉంది, 1904లో పెట్టింది. నిజాం కాలంలో ఈ గడ్డ మీద తెలుగు చదువుకు నీడ ఇచ్చిన గ్రంథాలయాల్లో అది ఒకటి. ఒక ఆదివారం అక్కడ కూర్చొని పాత కథల సంపుటాలు తిరగేస్తే నెల రోజులకు సరిపడా సరుకు దొరుకుతుంది. పత్రికల ఆదివారం అనుబంధాల్లోని కథలను కత్తిరించి ఫైలు చేసుకోండి. నా దగ్గర అట్లాంటి ఫైళ్లు రెండు ఉన్నాయి.

పోగు చేసేటప్పుడు కథల దగ్గరే ఆగకండి. "కథలు చిన్నపిల్లలకు" అనుకునే మగపిల్లలు తొమ్మిదిలో కొందరు ఉంటారు. వాళ్ల కోసం నేను దాచుకున్నవాటిలో ఒకటి మార్కోపోలో యాత్రా వర్ణనలోని చిన్న భాగం. 13వ శతాబ్దం చివర ఆయన కాకతీయుల ఓడరేవు మోటుపల్లి పేరుతో ఈ రాజ్యం గురించి రాశాడు. ఒక రాణి న్యాయంగా ఏలుతున్నదంటాడు. ఆ రాణి మన రుద్రమదేవే అని చరిత్రకారులు ఎక్కువగా చెప్తారు. లోతైన లోయల్లో వజ్రాలుంటాయట. అడుగడుగునా పాములు, మనుషులు దిగలేరు. పైనుంచి మాంసం ముక్కలు విసిరితే వాటికి వజ్రాలు అంటుకుంటాయి, గద్దలు ఆ మాంసం ఎత్తుకొస్తాయి, జనం గద్దలను బెదిరించి వజ్రాలు ఏరుకుంటారు. ఒక పేజీ, రెండు పేజీలు, అంతే. వరంగల్ కోట తోరణాల కింద ఫోటోలు దిగిన పిల్లలు ఇది వింటూ ముందుకు వంగుతారు. ఆ రాణిని ఆయన చనిపోయిన రాజు భార్య అని రాశాడు. రుద్రమ గణపతిదేవుని కూతురు. ఈ తప్పును నేను చెప్పను. ఎవరో ఒకరు పట్టుకునేదాకా ఆగుతాను. ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టుకుంటారు.

రామప్ప గుడి గురించిన వ్యాసమూ అట్లాంటిదే. 1213 నాటి శాసనం, రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, నీళ్ల మీద తేలేంత తేలిక ఇటుకలు, పునాది కింద ఇసుక. యునెస్కో 2021లో గుర్తించింది కాబట్టి వ్యాసాలకు కొదవ లేదు. అయితే వాటిలో చాలావరకు పొగడ్తలే. "అద్భుతం, అపూర్వం" అని మొదలయ్యేవాటిని పక్కన పెట్టండి. ఇటుక ఎట్లా తేలింది, ఇసుక ఎందుకు పోశారు అని చెప్పే వ్యాసం తీసుకోండి.

పద్యం సంగతి కొంచెం వేరు. బమ్మెర ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది, మనకు పోతన ఇంటివాడు. గజేంద్ర మోక్షంలో మొసలి ఏనుగు కాలు పట్టే ఘట్టాన్ని గొంతెత్తి చదివితే అర్థం తెలియనివాడు కూడా ఆ శబ్దానికి లొంగుతాడు. చిక్కు ఎక్కడంటే, పద్యం వినపడగానే మన పిల్లలు ప్రతిపదార్థం రాయాలేమోనని నోట్‌బుక్ తీస్తారు. అందుకే ముందు కథను మామూలు మాటల్లో, మొసలి పట్టిన దగ్గర దాకా చెప్పి ఆపుతాను. నోట్‌బుక్కులు సంచుల్లో పెట్టించి అప్పుడు పద్యం అందుకుంటాను. వరుసగా మూడు పద్యాలు మించనివ్వను.

మూడో అడుగు: చెవి పరీక్ష

అసలు ఎంపిక ఇక్కడ జరుగుతుంది. దీనికి ఒక సాయంత్రం పూర్తిగా కేటాయించండి.

పోగు చేసిన ప్రతి దాంట్లోంచి మొదటి రెండు పేజీలు గొంతు విప్పి చదివి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. తర్వాత పుస్తకం మూసి, వంట చేస్తూనో, బస్సులోనో ఆ రికార్డు వినండి. ఎక్కడ మీ ధ్యాస పక్కకు పోయిందో అక్కడ పిల్లల ధ్యాసా పోతుంది. నేను రోజూ బస్సులోనే వింటాను. బస్సు చప్పుడులో కూడా వినపడి, అర్థమై, పట్టి ఉంచిన కథ తరగతిలో ఎన్నడూ ఓడిపోలేదు.

వినేటప్పుడు రెండు విషయాలు గమనించండి. రెండూ మన తెలుగు వాక్యం కట్టుబడికి సంబంధించినవి.

మొదటిది, క్రియ వాక్యం చివర్న వస్తుంది. కొందరు రచయితలు కర్తను కూడా చివరికి నెడతారు. ఒక ఉదాహరణ నేనే రాస్తాను:

"ఊరి చివర చెరువుకట్ట మీద నిలబడి, పడమట కుంగుతున్న పొద్దును చూస్తూ, ఇరవై ఏళ్ల కింద ఇదే కట్ట మీద తనను భుజాన ఎక్కించుకుని నడిచిన తండ్రిని తలుచుకుంటూ, అమ్మకానికి పెట్టిన రెండెకరాల సంగతి తల్లికి ఎట్లా చెప్పాలో తోచక మల్లయ్య అక్కడే కూలబడ్డాడు."

కంటికి ఇది మంచి వాక్యమే. చెవితో వినే పిల్లకు మాత్రం ఎవరు నిలబడ్డారో, ఎవరి తండ్రో తెలియకుండా నాలుగు సంగతులు చేతిలో పెట్టుకుని మల్లయ్య కోసం ఎదురుచూడాల్సి వస్తుంది. మల్లయ్య వచ్చేసరికి చేతిలోవి రెండు జారిపోతాయి. అదే సంగతి ఇట్లా ఉంటే:

"మల్లయ్య చెరువుకట్ట మీద కూలబడ్డాడు. పొద్దు కుంగుతున్నది. ఇరవై ఏళ్ల కింద నాయన తనను భుజాన ఎక్కించుకుని ఇదే కట్ట మీద నడిచాడు. ఇప్పుడు మల్లయ్య రెండెకరాలు అమ్మకానికి పెట్టిండు. ఈ మాట అవ్వకు ఎట్లా చెప్పాలె?"

ప్రతి వాక్యం దగ్గర పిల్ల చెయ్యి ఖాళీ అవుతుంది, తర్వాతిదానికి సిద్ధంగా ఉంటుంది. రచయిత వాక్యాన్ని మార్చమని నేను చెప్పడం లేదు. అది మన పని కాదు. మొదటి పేజీలో ఆ పెద్ద వాక్యం లాంటివి మూడు తగిలితే ఆ కథను పిల్లలు సొంతంగా చదువుకోవడానికి వదిలి, ఇంకోటి తీసుకోండి.

రెండోది సంభాషణ. తెలుగులో "అన్నాడు", "అంది" ఎక్కువగా మాట అయిపోయాక వస్తాయి. కొన్ని కథల్లో అవి కూడా ఉండవు, అచ్చులో కొత్త వరుస చూసి మనిషి మారాడని కన్ను పోల్చుకుంటుంది. చెవికి ఆ వరుసలు లేవు. ఇద్దరి మాటలైతే గొంతు కాస్త మార్చి నెట్టుకురావచ్చు. నలుగురు కూర్చొని పంచాయతీ చేసే ఘట్టమైతే రెండో నిమిషంలోనే గందరగోళం. పరీక్ష సులభం: ఇంట్లో ఎవరికైనా అర పేజీ చదివి వినిపించి, ఎంతమంది మాట్లాడారని అడగండి. లెక్క తప్పితే ఆ కథ వద్దు, లేదా పాత్రలను పిల్లలకే పంచి చదివించండి.

భాష గురించి నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను. సంవత్సరంలో వినిపించేవాటిలో కనీసం సగం మన మాటలో ఉన్నవి కావాలి. పాఠ్యపుస్తకం భాష పిల్లలకు వస్తుంది, కానీ అది బడి భాష. "పొయ్యింది, ఎటెన్క, గిట్ల" అని అచ్చులోంచి వినపడ్డప్పుడు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మొదటిసారి నవ్వుతారు. రెండో వారం నవ్వరు. మూడో వారం రాసిన వ్యాసాల్లో అవ్వ మాటలు కనబడతాయి. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని మనం తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆ రోజు ఉపన్యాసం కన్నా ఆయన చిన్న కవితలు రెండు చదవడం మేలు. నిమిషం, రెండు నిమిషాలు పట్టేవి ఎన్నో ఉన్నాయి.

ఈ పరీక్షలన్నీ నెగ్గిన కథ ఒకటి చెప్తాను. పి.వి. నరసింహారావు రాసిన "గొల్ల రామవ్వ". 1949లో వరంగల్ నుంచి వచ్చిన కాకతీయ పత్రికలో "విజయ" అనే కలంపేరుతో అచ్చయింది. రజాకార్ల కాలం, ఒక రాత్రి, ఒక ముసలవ్వ గుడిసె, లోపలికి వచ్చిన ఒక యువకుడు. మనుషులు తక్కువ, చోటు ఒకటే, భయం మొదటి నుంచీ ఉంటుంది. అవ్వ మాట మన అవ్వల మాట. రాసింది దేశ ప్రధాని అయిన మనిషి అని ముందు చెప్పకండి. చివర్న చెప్పండి.

నాలుగో అడుగు: ఇది ఎవరికైనా తగులుతుందా?

ఈ అడుగును నేను దాటేసిన రోజు ఒకటి ఉంది. పత్తి రైతు పురుగుమందు తాగే కథ ఒకటి చాలా బాగుందని తొమ్మిదికి తీసుకుపోయాను. మూడో పేజీ దగ్గర చివరి నుంచి రెండో బెంచీలో ఒక పిల్లవాడు సంచి మీద తల పెట్టుకున్నాడు. నిద్రపోతున్నాడనుకుని పేరు పెట్టి పిలిచాను. పక్కనున్నవాడు లేచి నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు: "టీచర్, వాళ్ల బాపు గట్లనే..." పుస్తకం మూసేశాను. ఆ గదిలో ఉన్న నిశ్శబ్దం ఇప్పటికీ నాకు గుర్తుంది. మర్నాడు ప్రార్థనకు ముందే ఆ పిల్లవాణ్ని కలిసి, అడగకుండా చదివిన తప్పు నాదేనని చెప్పాను. వాడు "పర్వాలేదు టీచర్" అన్నాడు. పద్నాలుగేళ్ల పిల్లవాడు నాకు ధైర్యం చెప్పాడు.

అప్పటి నుంచి ఎంచుకున్నదానిలో చావు, తాగుడు, అప్పు, చిన్ననాటి పెళ్లి, ఇల్లు వదిలిపోవడం ఏది ఉన్నా క్లాస్ టీచర్‌ను, ఆ ఊర్ల నుంచి వచ్చే సార్లను ముందే అడుగుతాను. సంబంధం ఉన్న పిల్ల ఉంటే విడిగా పిలిచి చెప్తాను: "వచ్చే వారం చదివేదాంట్లో ఇట్లాంటి సంగతి ఉంది. ఉంటవా, ఆ పీరియడ్ లైబ్రరీ పుస్తకాలు సర్దుతవా?" కొందరు ఉంటామనే అంటారు. అడగడం ముఖ్యం. దుఃఖం ఉన్న కథలన్నీ మానేయమని దీని అర్థం కాదు. ఈ వయసు పిల్లలు అన్నీ చక్కబడిపోయే కథలను నమ్మరు.

పేర్లు కూడా చూసుకోండి. కథలో వెక్కిరింపు పడే పాత్ర పేరు మీ తరగతిలో ఎవరికైనా ఉంటే, ఆ పిల్లకు ఆ కథ సంవత్సరం పొడుగునా అతుక్కుంటుంది. దొరల కాలం కథల్లో కులం పేరుతో తిట్లు వస్తాయి. ఆ తిట్టు కథకు ఎముక లాంటిదైతే ఉంచి, అది ఎవరు ఎవరిని ఎందుకు అన్నారో చదివే ముందే నాలుగు మాటల్లో చెప్తాను. ఊరికే నోటి దురుసుకు వాడిందైతే ఆ కథ నేను తరగతికి తీసుకురాను. ప్రేమ ఘట్టాలకు వెనుకాడకండి. నవ్వుకుంటారు, నవ్వనివ్వండి, ఆగి మళ్లీ మొదలుపెట్టండి.

ఐదో అడుగు: నిడివి, కాలం

నేను నిదానంగా చదివితే మామూలు కథల పుస్తకంలో పేజీకి రెండు, రెండున్నర నిమిషాలు పడుతుంది. మీ వేగం మీరు గడియారం పెట్టుకుని చూసుకోండి. నలభై నిమిషాల పీరియడ్‌లో సర్దుకోవడానికి, హాజరుకు, చివర్న మాటలకు పోను చదువు ఇరవై నిమిషాలు. అంటే ఎనిమిది పేజీలు. పది పేజీల కథను తొందర తొందరగా ఆ ఇరవై నిమిషాల్లోనే ముగించే ప్రయత్నం చేయకండి, రెండు వారాలకు పంచండి.

మన దగ్గర పంటల లెక్క కూడా ఉంటుంది. జూన్‌లో బడి తెరిచాక జులై, ఆగస్టుల్లో హాజరు నిలకడగా ఉంటుంది. వారం వారం సాగే నవలిక గానీ, ఆత్మకథ భాగాలు గానీ అప్పుడే మొదలుపెట్టండి. బతుకమ్మ, దసరా సెలవుల లోపు ముగియాలి. ఆ తర్వాత పత్తి ఏరుడు మొదలవుతుంది, జనవరి దాటితే మిర్చి. ఈ వారం ఉన్న పిల్లలు వచ్చే వారం ఉండరు. అప్పుడు ఏ రోజుకు ఆ రోజు ముగిసేవే తీసుకోండి. పదో తరగతికి పరీక్షల ముందు నెలల్లో పది నిమిషాలకు మించకుండా, చిన్న కవితో, ఒక పేజీ అనుభవమో చాలు. ఆ పది నిమిషాలు మాత్రం వదులుకోకండి.

ఆరో అడుగు: చిట్టీలు

పోగు చేసినవాటిలో ఈ అడుగులన్నీ దాటి మిగిలిన మూడింటి మొదటి పేజీలను ఒక రోజు తరగతిలో చదవండి. పేర్లు చెప్పవద్దు, ఒకటి, రెండు, మూడు అనండి. చేతులెత్తమంటే స్నేహితుడు ఎటు ఎత్తితే అటు ఎత్తుతారు. అందుకే చిట్టీల మీద అంకె రాయించి డబ్బాలో వేయించండి. ఓడిన రెండింటినీ పారేయకండి, నేను వాటిని మరుసటి నెల తెస్తాను. ఒక్కోసారి నాకు అన్నిటికంటే ఇష్టమైనదే ఓడిపోతుంది. అయినా చిట్టీల మాటే నెగ్గాలి. ఒకసారి మీరు లెక్క తప్పించారని తెలిస్తే మళ్లీ ఎన్నడూ చిట్టీ మనసుపెట్టి రాయరు.

ఏడో అడుగు: పెన్సిల్

ఎంచినదానికి జిరాక్స్ తీసుకుని దాని మీద గుర్తులు పెట్టుకోండి. ఊపిరి తీసుకునే చోట చిన్న గీత. గొంతు తగ్గించే చోట అడ్డగీత. పిల్లలకు తెలియని మాట కింద చుక్క: కచ్చురం (గూడు ఉన్న ఎడ్లబండి), గిర్దావర్ (రెవెన్యూ ఉద్యోగి), గరిసె (వడ్లు నిలవచేసే గాదె) లాంటివి. చుక్క పెట్టిన మాటలను చదివేటప్పుడు ఆగి వివరించకండి. మూడు, నాలుగు ఉంటే మొదలుపెట్టకముందు బోర్డు మీద రాసి, చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగండి. "మా తాత ఇంట్ల గరిసె ఉండేది" అనే పిల్ల ఎప్పుడూ ఉంటుంది. అర్థం ఆమె చెప్తుంది.

ఆపే చోటు కూడా పెన్సిల్‌తోనే నిర్ణయించుకోవాలి. తలుపు తట్టిన చప్పుడు వినపడింది, ఇంకా తెరవలేదు. అట్లాంటి చోట పెద్ద గీత కొట్టండి. ఒగ్గు కథలో వంత పాడేవాడు ప్రశ్న వేస్తూ కథకుణ్ని ముందుకు నడిపిస్తాడు. మీరు సరైన చోట ఆపితే ఆ పని తరగతి చేస్తుంది: "అటెన్క ఏమైంది టీచర్?" ఈ ప్రశ్న రాని చోట ఆపితే వచ్చే వారం మళ్లీ మొదటి నుంచి పుంజుకోవాలి.

చదివే రోజు

నిలబడి చదవండి, కిటికీ వైపు కాకుండా తరగతి వైపు. అటూ ఇటూ తిరిగితే గొంతు ఒకవైపే పోతుంది. ఫ్యాను చప్పుడు ఎక్కువుంటే ఆపేయండి, ఉక్కపోసినా ఓర్చుకుంటారు. రెండో పేజీ ముగిసేసరికి మీ ఎంపిక తప్పిందని తెలిసిపోతే, "ఇది మనకు కుదరలేదు, ఇంకోటి ఉంది" అని చెప్పి మార్చేయండి. చేతిలో రెండోది ఎప్పుడూ ఉండాలి.

చివర్న "ఈ కథ వల్ల మనం ఏం నేర్చుకున్నాం?" అని అడగవద్దు. ఆ ప్రశ్న వస్తుందని తెలిస్తే తర్వాతి కథను జవాబు కోసం వింటారు. నేను ఏమీ అడగను. కొన్ని రోజులు ఎవరూ మాట్లాడరు, బెల్లు కొడతారు, వెళ్లిపోతారు. కొన్ని రోజులు బెల్లు కొట్టినా వాదన ఆగదు.

పుస్తకాన్ని మాత్రం బల్ల మీద వదిలేసి వస్తాను. ఎవరు తీసుకుపోయారో రిజిస్టర్‌లో రాయను, అడగను. ఒక వారం, రెండు వారాలకు దానంతట అది బల్ల మీదికి వస్తుంది. మొన్న వచ్చిన కథల పుస్తకంలో, నేను ఆపిన పేజీకి ఇంకా పదకొండు పేజీల తర్వాత, గుర్తుకోసం పెట్టిన ఆర్టీసీ జీరో టికెట్ ఒకటి ఉంది.